కట్టెలు ఫ్రీ, హీటరుకి 15 యూరోలు

ఫోటోల్లో సముద్రం చూసి ఆ కాటేజీ బుక్ చేశాం. రాత్రికి 110 యూరోలు, పైన క్లీనింగ్ ఫీజు 50. సముద్రం కనిపించిన మాట నిజమే. కాని తలుపు తీయగానే బూజు వాసన గుప్పుమంది. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, మంచం వెనక గోడ నిండా నల్లటి మచ్చలు. అట్లాంటిక్ మధ్యలో పోర్చుగల్‌కి చెందిన ఈ అజోర్స్ దీవుల్లో గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది, ఆరేసిన చొక్కా మర్నాటికి కూడా ఆరదు. అందులో ఓనరు తప్పేం లేదు. హీటరూ, తేమ లాగే మెషీనూ అలమరలో పెట్టి తాళం వేసుకోవడం మాత్రం పూర్తిగా ఆయన తెలివే! ఫోన్ చేస్తే హీటరుకి రోజుకి 15 యూరోలన్నాడు. మా అక్కకి ఆస్తమా. బావ మొహం చూసి మా ఆయన బేరమాడకుండా కట్టేశాడు. ఆ రాత్రంతా బావ ఎవరితోనూ మాట్లాడలేదు.

మాది బోస్టన్. అక్కణ్ణుంచి అజోర్స్‌లోని సావో మిగెల్ దీవిలో ఉన్న పోంటా డెల్గాడాకి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, దాదాపు అయిదు గంటలు. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి షెంగెన్ వీసా కావాలి, ఫీజు 90 యూరోలు. హెచ్-1బి వాళ్లు తిరిగి రావడానికి వీసా స్టాంపు గడువు కూడా చూసుకోండి. సెతే సిదాదెస్ చెరువులు, ఫుర్నాస్ వేడినీటి బుగ్గలు అందరూ చూసేవే. బాగున్నాయి, జనం ఎక్కువ.

నేను చెప్పాలనుకుంటున్నది నొర్దెస్త్ గురించి. ఈ అగ్నిపర్వతాల దీవికి తూర్పు కొసన ఉన్న చిన్న మునిసిపాలిటీ ఇది. 1514లోనే పట్టణ హోదా వచ్చినా జనాభా ఇప్పటికీ అయిదు వేల లోపే. పాత కొండరోడ్ల రోజుల్లో ఇక్కడికి చేరడమే గగనం కాబట్టి, అజోర్స్‌లో ఉన్న తొమ్మిది దీవులకి తోడు దీన్ని పదో దీవి అనేవారట. ఇప్పుడు కొత్త రోడ్డు మీద పోంటా డెల్గాడా నుంచి గంట.

మునిసిపాలిటీ అంటే మనకి పన్ను నోటీసూ, పొంగే మురిక్కాలవా గుర్తొస్తాయి. ఇక్కడ పోంటా దో సొస్సేగో వ్యూపాయింటులో కొండ అంచున మెట్లుమెట్లుగా పూలతోట, టాయిలెట్లలో సబ్బుతో సహా అన్నీ, రాతి బార్బెక్యూ పొయ్యిలు, పక్కనే పేర్చిన కట్టెలు. పైసా అడిగేవాళ్లు లేరు. ఊళ్లో కొట్లో మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు, తాజా జున్ను కలిపి 11 యూరోలకి కొన్నాం. పొయ్యి రాజేసే పని బావ తీసుకున్నాడు. అప్పటిదాకా బిగుసుకున్న మనిషి కాస్త వదులయ్యాడు.

పక్క పొయ్యి దగ్గర ఒక పెద్దాయన కుటుంబం. మేం బోస్టన్ అనగానే ఆయన మొహం వెలిగింది. మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చాడట. ఆయన ఇంగ్లీషులో మా ఆఫీసు యాసే. అక్క మాంసం, చేపలు ముట్టదని తెలిసి ఆయన భార్య ఒక గిన్నె తెచ్చింది. మూత తీస్తే ఉడికించిన చేమదుంపలు! ఇక్కడ ఇన్యామె అంటారు, సాసేజితో తింటారు. సాసేజికి బదులు మాకు ఎర్రటి మిరప ముద్ద వేసింది. ఉప్పూ పులుపూ పట్టి అచ్చం పండుమిరప పచ్చడిలా ఉంది, కారం మాత్రం తక్కువ. అక్క రెండోసారి వేయించుకుంది. "ఏమే, కాస్త నెయ్యుంటేనా" అని నావైపు చూసింది. ఆ ముద్ద సీసా కొట్లో 3 యూరోల లోపే దొరికింది, నాలుగు కొన్నాం.

అషాదా దగ్గరి రిబెయిరా దోస్ కల్దెయిరోయెస్‌లో జలపాతం, పాత నీటి మరలు చూడండి, అరగంట చాలు. 1876 నాటి ఆర్నెల్ లైట్‌హౌస్‌కి దిగే రోడ్డు గోడ ఎక్కినట్టే ఉంటుంది. కారు పైనే పెట్టి నడవండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వదిలేయండి. ప్రియోలో అనే చిన్న పిట్ట ప్రపంచం మొత్తంలో ఈ దీవి తూర్పు అడవుల్లోనే ఉంటుంది. మాకు కనబడలేదు, మబ్బు మాత్రం పుష్కలంగా కనబడింది.

ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేసుకోండి. రూము తీసుకునే ముందు "హీటరూ, తేమ మెషీనూ అద్దెలోనే ఉన్నాయా?" అని రాసి అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఇంకో ఇల్లు చూసుకోండి.