వసారా స్తంభాలకు ఎపాక్సీ పూసి ఏడేళ్లయింది

మా పాత ఇంటి ముందు వసారాకు నాలుగు చెక్క స్తంభాలు. రంగు వేద్దామని గోకుతుంటే ఎడమ చివరి స్తంభం పాదంలోకి స్క్రూడ్రైవర్ సగం దాకా దిగిపోయింది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతోంది. పుచ్చిన కర్ర తీరే అంత, లోపల పిండి అయిపోయినా పై పొర చివరిదాకా పరువు కాపాడుతుంది.

స్తంభాలు మార్చే ఓపిక లేక ఎపాక్సీ కిట్ తెచ్చాను. రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు అది. అందులో రెండు రకాలుంటాయి. ఒకటి నీళ్లలా పల్చటిది, పుచ్చిన పీచులోకి ఇంకి గట్టిపడుతుంది. రెండోది ముద్ద, లప్పంలా గుంటలు నింపడానికి. రెండింటికీ రెసిన్ (అసలు జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది) వేరువేరు డబ్బాల్లో వస్తాయి. ఎడమ, కుడి చివర్ల స్తంభాల పాదాలకు, కటకటాల పైపట్టెకు, మెట్ల దగ్గర ఒక నేలపలక కొసకు వాడాను.

పైపట్టె సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, బాగుంది. అరచేయంత గుంట నింపి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్, రంగు వేశాను. ఎక్కడ అతికానో ఇప్పుడు నాకే కనబడదు. ఒక వేసవిలో అక్కడ రంగు పెచ్చులూడితే బద్ధకించి వదిలేశాను. కొన్ని నెలలకే ఎపాక్సీ పసుపెక్కి, పైన సుద్దలా రాలడం మొదలైంది. ఎండ దానికి పడదు, రంగు కప్పి ఉంచాల్సిందే.

నేలపలక మాత్రం శుద్ధ దండగ. అడ్డంగా కోసిన కొస నుంచి కర్ర నీళ్లు పీల్చే వేగం పక్క ముఖాలతో పోలిస్తే ఎన్నో రెట్లు. వాన జల్లు నేరుగా ఆ కొసకే తగిలేది. పైగా మనుషులు తొక్కే చోటు. ఏడాదిన్నరకే ముద్ద చుట్టూ వెంట్రుకవాసి సందు పడి పలక మెత్తబడింది. బరువు మోసే పలకను పూతతో బతికించాలని చూడటం నా తెలివితక్కువతనం. పలక మార్చాను, అది ఒక పూట పని.

ఇక ఎడమ స్తంభం. మూడో ఏడు వేలితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు. ఉలి పెట్టి ఎత్తితే ముద్ద మొత్తం ఊడిన పన్నులా ఒకే ముక్కగా వచ్చేసింది. అది రాయిలా ఉంది, చెక్కుచెదరలేదు. దాని వెనక కర్ర గోధుమరంగు ఘనాలుగా పగిలి, నలిపితే పొడి అవుతోంది. చెదలు కాదు, మట్టి లేదు, సొరంగాల్లేవు. శిలీంధ్రం పని.

తప్పు డబ్బాది కాదు, నాది. వానలు వెలిసిన నాలుగో రోజే పని మొదలెట్టాను. పైన ఆరింది, లోపల ఆరలేదు. కర్రలో నెమ్ము 20 శాతం లోపు ఉంటే ఈ శిలీంధ్రాలు పెరగలేవు. రెండు సూదులున్న చిన్న మీటరు గుచ్చితే ఆ అంకె తెలుస్తుంది. అప్పట్లో నా దగ్గర అది లేదు. పైగా స్తంభం సిమెంటు నేల మీదే కూర్చుంది. అడుగు నుంచి నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి, ఆవిరై పోయే దారిని నేనే ఎపాక్సీతో మూసేశాను. కుడి స్తంభానికీ అదే పూత. కానీ దాని అడుగున మొదటి నుంచీ రాతి దిమ్మ ఉంది, చూరు నీళ్లు దూరంగా పడతాయి. అది ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఎడమదానికి రెండోసారి పద్ధతిగా చేశాం. వచ్చిన వడ్రంగి నా పాత అతుకు చూసి నవ్వాడు గానీ ఏమీ అనలేదు. దూలానికి జాకీతో ఆసరా పెట్టి, పుచ్చు ఆగిన చోటి నుంచి ఇంకో జానెడు పైదాకా కోసేసి, చేవ ఉన్న కొత్త ముక్కను సగానికి సగం చెక్కి అతికించాడు. అడుగు కొసకు పల్చటి ఎపాక్సీ అది పీల్చినంత పట్టించి, నేల నుంచి 25 మిల్లీమీటర్లు ఎత్తున నిలిచే ఇనుప పాదం మీద కూర్చోబెట్టాడు. నాలుగేళ్లుగా కదలిక లేదు. ఎపాక్సీ నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఇక్కడే, మంచి కర్ర కొస మూయడానికి.

వాడకంలో తిన్న దెబ్బలు కూడా చెప్పాలి. మొదటి రోజు ఒకే గ్లాసులో ఎక్కువ కలిపేశాను. పది నిమిషాల్లో పొగలొచ్చి ప్లాస్టిక్ గ్లాసు మెత్తబడింది. గట్టిపడేటప్పుడు అది వేడి పుట్టిస్తుంది, కుప్పగా ఉంటే ఆ వేడి పోదు. తర్వాత నుంచి కొంచెం కొంచెంగా కలిపి పళ్లెంలో పరిచాను. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎన్నాళ్లకీ జిగురుగానే మిగులుతుంది, డబ్బా మీది కొలతే కొలత. చేతి తొడుగులు లేకుండా ముట్టుకున్నందుకు మణికట్లు దద్దుర్లెక్కాయి. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత చిటికెడు తగిలినా అంతే. పాత రంగులో సీసం ఉండొచ్చు గనుక పొడిగా రుద్దకుండా తడిపి గోకడం మంచిది. ఒక మూల కార్లకు పెట్టే పుట్టీ ప్రయత్నించాను. కర్ర ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, అది మాత్రం బిగుసుకుని కూర్చుంటుంది. మరుసటి వానలకే అంచుల్లో చీలింది.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను, కానీ చిన్న డబ్బా. మలిచిన అంచులకు, కిటికీ గడపలకు, కటకటాల పైపట్టెలకు దీన్ని మించింది నేను చూడలేదు. స్తంభం పాదాలకూ నేలపలకలకూ మాత్రం రంపమే.

ఈ నెల మీటరు గుచ్చితే నెమ్ము కుడి స్తంభంలో 14 శాతం, ఎడమదాంట్లో 13. కొత్త నేలపలకే 19 దగ్గర ఊగిసలాడుతోంది. దాని కిందకు గాలి ఆడటం లేదని అనుమానం. ఎండలు ముదిరాక పక్క పలక ఊడదీసి చూడాలి.