రెండు ఎండాకాలాలు డిఫెన్స్ క్యాంపుల ఉన్న, రెండేండ్ల తర్వాత రాస్తున్న రివ్యూ

మాది హన్మకొండ. 2023ల టెన్త్ పరీక్షలు అయిపోంగనే మే నెల మొత్తం ఒక డిఫెన్స్ అకాడమీ సమ్మర్ క్యాంపుల ఉన్న, మళ్ల 2024 మేల ఇంటర్ ఫస్టియర్ అయినంక అదే క్యాంపుకి రెండోసారి పోయిన. అకాడమీ పేరు రాయను, మన దిక్కు ఇట్లాంటివి చానా ఉన్నయి, పేరు కంటే ఏం చూసి పంపాలె అనేదే ముఖ్యం. క్యాంపు నుంచి వచ్చిన వారంలనే రాసి ఉంటే అంతా మంచిగనే రాసేదాన్ని, ఆ జోష్ అట్ల ఉంటది. ఇప్పుడు ఇంటర్ కూడ అయిపోయింది, 2025 ఏప్రిల్‌ల ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఇంటర్ అయినంక సైన్యంల ఆఫీసర్ ట్రైనింగ్ ఇచ్చేది) పరీక్ష రాసిన, ఇగ ఏం మిగిలిందో ఏం మిగల్లేదో సాఫ్‌గ చెప్పగలుగుత.

ముందుగాల ఒక మాట. ఈ క్యాంపుకి పోతే ఆర్మీల సీటు వస్తది అని ఎవరన్న అంటే నమ్మకుండ్రి. మా పక్కింటి అంకుల్ కూడ గట్లనే అనుకున్నడు. ఎన్‌డీఏకి దారి ఒక్కటే, యూపీఎస్సీ పెట్టే రాత పరీక్ష, దాని తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే కొన్ని రోజులు నడిచే ఇంటర్వ్యూ, దాని తర్వాత మెడికల్. మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600, ఎస్‌ఎస్‌బీ 900 మార్కులు, ఇందుల సమ్మర్ క్యాంపు సర్టిఫికెట్‌కి ఒక్క మార్కు గూడ లేదు. ఎన్‌సీసీ (బడిల, కాలేజీల నడిచే క్యాడెట్ ట్రైనింగ్) సర్టిఫికెట్‌కి ఉన్న విలువ దీనికి లేదు, రెండూ ఒకటే అనుకోవద్దు. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌ల ఉన్న గురుకుల సైనిక్ స్కూల్ లాంటిది కూడ కాదు, అక్కడ పిల్లలు ఏండ్లకేండ్లు ఉండి చదువుకుంటరు, ఇది నెల రోజుల ముచ్చట. క్యాంపు హాల్‌ల కల్నల్ సంతోష్ బాబు గారి ఫొటో పెద్దగ పెట్టిన్రు, సూర్యాపేట ఆయన, 2020 జూన్‌ల చైనా సరిహద్దుల గల్వాన్‌ల అమరుడైండు. ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్‌ల చదివి ఎన్‌డీఏకి పోయిండు. ఆ ఫొటో కింద కూసున్నప్పుడల్లా నాకు అదే అనిపించేది, ఎన్నేండ్ల కష్టం ఉంటదో దాని ఎనక.

మరి నేనెందుకు పోయిన అంటే, 2021ల సుప్రీంకోర్టు ఆడపిల్లలు కూడ ఎన్‌డీఏ రాయొచ్చు అన్నప్పుడు నేను తొమ్మిదో తరగతి. అంతకుముందు మాకు ఆ పరీక్షే లేకుండె. అప్పట్నుంచి మనసుల పడ్డది. అమ్మ వద్దన్నది, ఎండలకు నల్లగయితవ్ చిక్కిపోతవ్ అని, డాడీ మాత్రం ఒక నెల ఉండి చూడు, నీకు ఆ బతుకు నచ్చుతదో లేదో నీకే తెలుస్తది అన్నడు. డాడీ మాటనే కరెక్ట్ అయింది, క్యాంపు పనికొచ్చేది ఆ ఒక్కదానికే. మొదటిసారి ఫీజు 18 వేలు, తిండి, ఉండుడు, యూనిఫాం అన్ని కలిపి. డెబ్బై మంది దాక ఉంటే అందుల ఆడపిల్లలం తొమ్మిది మందిమి.

మొదటి ఏడాది మా ఉస్తాద్, అంటే మాకు ట్రైనింగ్ ఇచ్చేటాయన, ఆర్మీల సుబేదార్‌గ చేసి రిటైర్ అయినాయన. అందరం సుబేదార్ సాబ్ అనేది. ఇరవై ఏండ్లకు పైన సర్వీస్ చేసి వచ్చిన మనిషి, గొంతు లేపుడు చానా తక్కువ. పొద్దున నాలుగున్నరకు విజిల్, ఐదింటికి గ్రౌండ్‌ల ఫాలిన్, అంటే లైన్‌ల నిలబడుడు. మొదటి రోజు ఉరుకుడు కాంగనే అందర్నీ నేల మీద కూసోబెట్టి బూట్లు సాక్సులు ఇప్పిచ్చిండు. ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి కాళ్లు చూసిండు, వేళ్ల సందులు, మడిమెలు, అన్ని. నాకు అప్పటికే ఎడమ మడిమె బొబ్బ వచ్చింది, వరంగల్ చౌరస్తాల కొన్న బూట్లు కరెక్ట్ సైజు తీసుకున్నం, అదే తప్పట. ఉరికితే కాళ్లు ఉబ్బుతయ్ గద, బొటనవేలు ముంగట ఒక వేలు పట్టేంత జాగ ఉండాలె అని చెప్పి మా డాడీకి ఫోన్ చేపిచ్చి ఒక సైజు పెద్దయి తెప్పిచ్చిండు. నెల రోజులు రోజూ కాళ్లు చూసుడు బంద్ పెట్టలే. ఈ ఒక్క పని చేసే ఉస్తాద్ దొరికితే ఇంకేం చూడకుండ పంపొచ్చు అని నా నమ్మకం.

డ్రిల్ గురించి అందరు అడుగుతరు. మొదటి వారం సావధాన్, విశ్రామ్ అని నిలబడుడు తప్ప ఏం లేదు. దహినే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, అంటే కుడికి తిరుగుడు, ఎనకకు తిరుగుడు, కవాతు నడుసుడు, అన్నీ తర్వాత. బోర్ కొట్టింది, నిజం చెప్తున్న, కాని పది రోజులకు డెబ్బై మంది బూట్లు ఒక్క చప్పుడు ఇచ్చినయ్, ఆ పొద్దు ఒళ్లు జలదరించింది, ఇప్పటికి ఆ చప్పుడు యాదికున్నది. తొమ్మిది దాటితే మాత్రం గ్రౌండ్‌ల ఎవ్వర్ని ఉండనిచ్చేటోడు కాదు. రోహిణి కార్తెల రోళ్లే పగులుతయ్ పిల్లల తలకాయలెంత అనేటోడు. పగలంతా హాల్‌ల క్లాసులు, సాయంత్రం ఆరింటికి మళ్ల గ్రౌండ్.

ఆ పగటి క్లాసులల్ల మ్యాథ్స్ వేస్ట్. సెట్స్, మ్యాట్రిసెస్ చెప్పంగనే నెల అయిపోయింది. కాని ఎస్‌ఎస్‌బీ సైకాలజీ క్లాస్ మాత్రం నన్ను మార్చింది. వర్డ్ అసోసియేషన్ అని ఉంటది, తెర మీద ఒక పదం పడుతది, 15 సెకన్లల దాని మీద ఒక వాక్యం రాయాలె, అట్ల 60 పదాలు ఆపకుండ. మొదటిసారి నేను 22 ఖాళీ ఇడిసిన. రాసినవాట్ల కూడ సగం వాక్యాలు బడిల బట్టీ పట్టినయే, నావి కావు. టెన్త్‌ల ఇన్ని మార్కులు తెచ్చుకుంట నాకు అనిపించింది ఒక వాక్యంల రాయరాదా అని ఆ రాత్రి నిద్ర పట్టలే. అప్పట్నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజు పది పదాలు రాస్తున్న, రెండేండ్లయింది, ఇప్పుడు నాలుగో నోట్‌బుక్ నడుస్తుంది.

మే 10న టెన్త్ రిజల్ట్స్ వచ్చినయ్. ఫోన్లు ఆదివారమే ఇస్తరు, అది బుధవారం. మేమంతా తిండి మీద కూడ మనసు లేకుండ కూసున్నం. సుబేదార్ సాబ్ ఆఫీసుల నుంచి తన ఫోన్ తెచ్చి లైన్‌ల నిలబెట్టి ఒక్కొక్కరికి ఇంటికి కలిపిచ్చిండు. ఒకబ్బాయి ఫెయిలైండు, వాణ్ని పక్కకు తీసుకపోయి చానా సేపు మాట్లాడిండు, ఏం మాట్లాడిండో మాకు తెల్వదు, సాయంత్రం ఆ అబ్బాయే ఫాలిన్‌ల ముంగట నిలబడ్డడు. ఆ ఆదివారం అమ్మ సర్వపిండి చేసుకుని వచ్చింది, తొమ్మిది మందిమి ఐదు నిమిషాలల్ల ఖతం చేసినం.

2024ల మళ్ల పోయినప్పుడు అదే గేటు, అదే గ్రౌండ్, ఫీజు 21 వేలు. ఆబ్‌స్టాకిల్స్‌కి కొత్త రంగులేసిన్రు, ఎయిర్ రైఫిల్ తెచ్చిన్రు, పిల్లలు నూటయాభై దాటిన్రు. సుబేదార్ సాబ్ లేడు, మానేసి ఊరికి పోయిండట. కొత్తగ వచ్చినాయన వయసుల చిన్న, ఒళ్లు గట్టిగ ఉంటది, ఫొటోలల్ల బాగుంటడు. ఎవరన్న లేటొస్తే ప్లాటూన్, అంటే జట్టు మొత్తానికి రగడా, ఒళ్లు హూనమయ్యే పనిష్మెంట్. రెండో వారంల ఒకరోజు పదకొండున్నరకు, మే ఎండల, బ్యారక్ ఊడ్వలేదని ఫ్రంట్ రోల్స్, అంటే నేల మీద పల్టీలు, కొట్టిచ్చిండు. ఖమ్మం నుంచి వచ్చిన ఒక చెల్లె అక్కడనే పడిపోయింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కోసం ఎతికితే ఫస్ట్ ఎయిడ్ డబ్బల లేదు. మేమే నీళ్లు చల్లి నీడకు మోసుకపోయినం, హాస్పిటల్‌ల రెండు సెలైన్లు ఎక్కిచ్చినంక లేచింది. ఇంటికి మాత్రం జ్వరం వచ్చింది అని చెప్పిన్రు. నేను ఆదివారం డాడీకి ఉన్నదున్నట్టు చెప్పిన, డాడీ పోయి ఆఫీసుల గట్టిగ అడిగిండు, ఆ తర్వాత పగటి పనిష్మెంట్లు బంద్ అయినయ్. అప్పుడు నాకు పదహారేండ్లు, ఆ ఒక్క రోజు నోరు తెరిచి వద్దు సార్ అనలేకపోయిన అని నాకు ఇప్పటికి బాధే.

కాబట్టి రేటింగ్ ఇయ్యిమంటే ఒక్క నంబర్ ఇయ్యలేను. మొదటి ఏడాదికి ఐదుకి నాలుగున్నర, మ్యాథ్స్ క్లాసుకే ఆ సగం కట్. రెండో ఏడాదికి ఒకటిన్నర, అది కూడ తోటి ఆడపిల్లల కోసం. గ్రౌండ్ ఒకటే, బ్యారక్ ఒకటే, ఉస్తాద్ మారిండు, అంతే.

మిగిలినయ్ ఏందంటే, నోట్‌బుక్ ఉన్నది. ఉరుకుడు ఉన్నది, 2.4 కిలోమీటర్లు మొదట 19 నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్‌ల 14లోపు అయిపోతుంది, అయినంక బూట్లు ఇప్పి కాళ్లు చూసుకుంట. హిందీ మాట్లాడుడు వచ్చింది. నాలుగున్నరకు లేసుడు ఇంటర్‌ల మిగల్లే, కాలేజ్ స్టడీ అవర్స్ అయ్యి ఇంటికి వచ్చేవరకు రాత్రి అయ్యేది. పరీక్షల మ్యాథ్స్ ఎంపీసీ వల్లనే రాయగలిగిన, క్యాంపు వల్ల కాదు. లిస్టుల నంబర్ రాలే, సెప్టెంబర్‌ల మళ్ల రాస్తున్న. 2025 మే 30న ఎన్‌డీఏ మొదటి ఆడపిల్లల బ్యాచ్, 17 మంది, పాసింగ్ అవుట్ అయితుంటే అమ్మనే పిలిచి టీవీ ముంగట కూసోబెట్టింది, నల్లగయితవ్ అన్న అమ్మ.

పరకాలల మా బాబాయ్ బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి, వచ్చే ఎండాకాలం పోతా అంటుంది. బాబాయ్ ఏ అకాడమీ మంచిది బిడ్డా అని అడిగితే నేను పేరు చెప్పలే. డెమో రోజు పోకు బాబాయ్, క్యాంపు నడిచేటప్పుడు చెప్పకుండ పగటీలి రెండింటికి పో, ఆ టైంల పిల్లలు ఎక్కడున్నరో చూడు, ఉస్తాద్‌ని ఫస్ట్ ఎయిడ్ డబ్బ తెరిచి చూపియ్యమను అన్న.