లైవ్ రాక్ కోసం రెండు రోజుల ప్రయాణం

వంద లీటర్ల ఉప్పునీటి ఆక్వేరియం పెట్టాలనుకున్నప్పుడు ముందుగా ఖర్చులన్నీ కాగితం మీద వేసి చూసుకున్నాను. తొట్టి, హీటరు, నీటిని కదిలించే పవర్‌హెడ్, ఈ మూడూ కలిపినా రాళ్ల ఖర్చంత కాలేదు. లీటరు నీటికి సుమారు 120 గ్రాముల రాయి అన్నది చాలామంది పాటించే పాత లెక్క. దాని ప్రకారం నాకు 12 కిలోలు కావాలి. అంతా లైవ్ రాకే, అంటే బాక్టీరియా, చిన్న జీవులు నివసించే సముద్రపు గుల్లరాయే కొంటే నా డబ్బు అక్కడితోనే అయిపోతుంది. అలాగని రాయి తగ్గించుకోవడానికి మనసొప్పలేదు, ఎందుకంటే ఈ పద్ధతిలో వడపోత చేసేది ఆ రాయే. చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియాను రాతి పైపొరల్లోని బాక్టీరియా నైట్రైట్‌గానూ, ఆపైన నైట్రేట్‌గానూ మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో మరో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ లైవ్ రాక్, గాలిబుడగలతోనే తొట్టి నడిపే తన పద్ధతిని 1961లోనే పాఠకులకు వివరించాడు. కాబట్టి యంత్రాల మీద పొదుపు చేసి రాయిని మాత్రం స్వయంగా చూసి ఎంచుకోవాలని బయలుదేరాను. తూకానికి అమ్మే వస్తువును చూడకుండా పార్సిల్‌లో తెప్పించుకుంటే, గుల్లగా ఉండే రాయికి బదులు గట్టిరాయి వచ్చినా చేయగలిగింది ఏమీ ఉండదు.

మొదట వెళ్లినది పెద్ద దుకాణం. ముందు గదిలోని ప్రదర్శన తొట్లు కన్నుల పండువగా ఉన్నాయి, మాట్లాడిన మనిషి ఎంతో మర్యాదస్థుడు. అయితే అమ్మకపు రాళ్లు వెనక గదిలో, వెలుతురూ నీటి కదలికా లేని ఒక మడుగులో గుట్టగా పడి ఉన్నాయి. ఒక రాయిని పైకి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. దాని మీది జీవులు చనిపోయి లోపల మురుగుతున్నాయని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ సరుకు ఎప్పుడు వచ్చిందని అడిగితే స్పష్టమైన జవాబు రాలేదు. అక్కడే ఆర్‌.ఓ. నీళ్లు కూడా అమ్ముతున్నారు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే నా టీడీఎస్ మీటరు ముంచితే 60 చూపించింది. సున్నాకు దగ్గరగా ఉండవలసిన నీరు అది. రాళ్లూ నీళ్లూ రెండూ వద్దనుకున్నాను. ఉప్పు మాత్రం అక్కడే తీసుకున్నాను, నీటి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కూడా కొన్నాను. దానిని నా చేతికిచ్చే ముందు ఆ ఉద్యోగి ప్రమాణ ద్రావణం ఒక చుక్క అద్దం మీద వేసి, మూత మూసి, నీలిగీత సరిగ్గా సముద్రపు నీటి ఉప్పదనమైన 35 దగ్గర నిలిచేదాకా చిన్న స్క్రూ తిప్పి చూపించాడు. ఆ ఒక్క సేవ కోసమైనా ఆ దుకాణానికి మళ్లీ వెళతాను. అదే పనికి చవకగా దొరికే ముల్లు రకం హైడ్రోమీటర్‌కు ఒక్క గాలిబుడగ అంటుకున్నా అంకె తప్పుతుంది.

మధ్యాహ్నం వెళ్లినది ఇల్లు మారబోతూ తన తొట్టిని విప్పేస్తున్న ఒక అభిరుచిపరుడి దగ్గరికి. ఈ ప్రయాణంలో నాకు అన్నివిధాలా నచ్చిన చోటు అదే. రాళ్లు ఏళ్ల తరబడి ఒకే నీటిలో ఉన్నాయి. వాటి మీద కోరలైన్ నాచు ఊదారంగులో గట్టి పెచ్చులా పరుచుకుంది. ఆ తొట్టిలో ఎప్పుడైనా రాగి మందు వాడారా అన్నది నా మొదటి ప్రశ్న, ఎందుకంటే రాయి పీల్చుకున్న రాగి తర్వాత నెమ్మదిగా నీటిలోకి విడుదలై రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది. ఆయన నొచ్చుకోకుండా, చేపలకు జబ్బు చేసినప్పుడు వేరే తొట్టిలోనే మందు వేశానని చెప్పి, తేదీలతో రాసుకున్న పుస్తకం తెచ్చి చూపించారు. దీపాలు ఆర్పించి టార్చి వేసి ఒక్కో రాయినీ తిప్పి చూశాను. రెండింటి మీద ఐప్టేసియా కనిపించింది. గోధుమరంగు చిన్న గొడుగులా ఉండే ఆ సముద్రపు అనిమోన్ ఒకటి వచ్చిందంటే నెలల్లో తొట్టంతా నిండుతుంది కనుక వాటిని పక్కన పెట్టాను. మూడో రాయిలోని పెసరగింజంత రంధ్రం నుంచి దారంలాంటి చారల చేయి ఒకటి మెల్లగా బయటికి వచ్చి, వెలుగు తగలగానే లోపలికి ముడుచుకుంది. అది నక్షత్రచేపకు దగ్గరి బంధువైన బ్రిటిల్ స్టార్. ఆ రాయిని వదిలి రాలేకపోయాను.

మొత్తం ఐదు కిలోలు తీసుకున్నాను. ఆయన వాటిని అదే నీటిలో తడిపిన పాత వార్తాపత్రికల్లో చుట్టి థర్మోకోల్ పెట్టెలో సర్దారు. మూత వేసిన బకెట్‌లో నీరు కదలకుండా ఉంటే అందులోని ఆక్సిజన్ త్వరగా అయిపోతుందనీ, తడికాగితంలో ఉంటే గాలి తగులుతూనే ఉంటుందనీ వివరించారు. రాత్రికి పనికొస్తుందని ఒక క్యాను నిండా ఆ తొట్టి నీళ్లు కూడా ఇచ్చారు.

బస విషయంలో నేను ముందుగా ఆలోచించుకోనిది ఒకటుంది. ముందే మాట్లాడుకున్న లాడ్జిలో పెట్టె చూసి, లోపల బతికి ఉన్న జీవులున్నాయని తెలియగానే గది ఇవ్వలేమన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. బుక్ చేసేటప్పుడే చెప్పవలసింది నేను. రెండోచోట చిన్న గదే అయినా నేలంతస్తులో ఇచ్చారు, స్నానాలగదిలో జాలారి ఉంది, మంచం పక్కన ప్లగ్గు ఉంది. యజమానురాలు తానే ఒక శుభ్రమైన బకెట్ వెతికి తెచ్చి, సబ్బు తగలని బకెట్టేనని రెండుసార్లు చెప్పారు. తడికాగితం ప్రయాణానికి చాలు గానీ, ఎక్కువసేపు నీటి బయట ఉంటే రాతి మీది స్పాంజిజీవులు చచ్చిపోతాయి కాబట్టి రాళ్లను విప్పి, క్యానులోని నీటిలో మునిగేలా పెట్టి, చిన్న పవర్‌హెడ్‌నూ హీటరునూ పెట్టాను. ఇలాంటి సరుకుతో ప్రయాణించేవారికి గది అందం కన్నా ప్లగ్గు, జాలారి, ముందస్తు అనుమతి, ఈ మూడే ముఖ్యం.

మర్నాడు ఉదయం ఎండురాళ్లు అమ్మే గోదాముకు వెళ్లాను. గుట్టలో నుంచి నచ్చినవి ఏరుకోనిచ్చారు. చేతిలోకి తీసుకుంటే చూపుకన్నా తేలికగా అనిపించిన గుల్లరాళ్లే ఏరి ఏడు కిలోలు తూయించాను. ధర లైవ్ రాక్‌లో కొద్ది భాగమే. పురుగుల భయం లేదు, కానీ ప్రాణమూ లేదు. పాత రాళ్లలో నాచును పెంచే ఫాస్ఫేట్ దాగి ఉండే అవకాశం మాత్రం ఉంటుంది. కొత్తగా సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ నేను అడగలేదు. రాతిపగడాలతోపాటు లైవ్ రాక్ కూడా అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలోకి వస్తుంది; సరిహద్దు దాటాలంటే పత్రాలు కావాలి. పత్రాల మాట ఎలా ఉన్నా, ఒకరి తొట్టిలో పెరిగిన రాయి దొరుకుతున్నప్పుడు పగడపు దిబ్బ నుంచి విరిచి తేవడం నాకు ఇష్టం లేదు.

ఇంటికి వచ్చాక లైవ్ రాక్‌ను నేరుగా అడుగు గాజు మీద నిలబెట్టి, ఆ తర్వాతే ఇసుక పోశాను. ఇసుక మీద రాయి పెడితే తవ్వే చేపల వల్ల ఒరిగిపోతుంది. ఎండురాళ్లను వేరే డ్రమ్ములో మంచినీటిలో నానబెట్టి, వారానికోసారి నీరు మారుస్తూ దాదాపు మూడు వారాలు ఉంచాను. మూడోనాటికి తొట్టిలో అమ్మోనియా 0.5 చూపించింది. వెంటనే 20 లీటర్లు మార్చాను, నాచు పట్టకుండా దీపం వెలిగించలేదు. ఇరవయ్యో రోజుకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయి. అప్పుడే ఎండురాళ్లను లైవ్ రాక్‌కు ఆనించి పేర్చాను. పగడాలకు కావలసిన ఖరీదైన దీపాన్నీ, నీటిలోని మలినాలను నురుగుగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్‌నూ వాయిదా వేశాను. వాటికి బదులుగా వారంవారం పది లీటర్లు మారుస్తున్నాను, ఆవిరైపోయిన మేరకు ఉప్పు లేని నీరే పోస్తున్నాను.

ఫాస్ఫేట్ ఇంకా పూర్తిగా దిగలేదు. ఎండురాళ్ల మీద పచ్చనాచు అక్కడక్కడ వస్తూనే ఉంది, చేత్తో గిల్లి తీస్తున్నాను. నిన్న రాత్రి టార్చి వేస్తే ఆ చారల చేయి కనిపించింది. లైవ్ రాక్‌లోని పాత రంధ్రంలో కాదు, గోదాము నుంచి తెచ్చిన ఎండురాతి అంచు కింద.