పన్నెండు చలికాలాలు వాడిన రాగి బాయిలర్: ఆదిలాబాద్‌లోని మా ఇంటి అనుభవం

ఆదిలాబాద్ పట్టణంలోని మా ఇంటి పెరట్లో 40 లీటర్ల రాగి బాయిలర్ ఒకటి ఉంది. 2013లో దీపావళి వెళ్ళిన వారంలో దానిని కొన్నాము. మొన్నటి ఫిబ్రవరితో దానికి పన్నెండు చలికాలాలు నిండాయి. అత్తమ్మ, మామయ్య, మా వారు, నేను, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురం ప్రతి సంవత్సరం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు రోజూ దాని నీళ్ళతోనే స్నానం చేస్తున్నాము. ఇలాంటి బాయిలర్ కొనాలా, గీజర్‌తో సరిపెట్టుకోవాలా అని బంధువులు అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన సంగతులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది ఖమ్మంలో. అక్కడ డిసెంబరు నెలలో కూడా తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. 2010లో పెళ్ళయి ఆదిలాబాద్ వచ్చాకే చలి అంటే ఏమిటో తెలిసింది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితేనే వాతావరణ శాఖ చలిగాలులను లెక్కలోకి తీసుకుంటుంది. మా దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో అంతకన్నా కిందికి దిగిన రాత్రులు చాలా ఉంటాయి. ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలి నేరుగా తగులుతుంది, సముద్రం చాలా దూరం. ఇంటి పైకప్పు మీది ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీటిలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇలాంటి చోట ఆరుగురికి వేడినీళ్ళు కాచడం ఇంటి పనుల్లో ఒక చిన్న పని కాదు, పొద్దున మిగిలిన పనులన్నీ దానిని బట్టే నడుస్తాయి.

బాయిలర్ కొనకముందు మూడు చలికాలాలు కట్టెల పొయ్యి మీద గంగాళం పెట్టి కాచేవాళ్ళం. మంటలో ఎక్కువ భాగం గంగాళం పక్కల నుంచి పైకి పోయేది, మసి అంతా గంగాళానికి పట్టేది, మరుగుతున్న నీటిని చెంబుతో ముంచి బకెట్‌లో పోసేటప్పుడు కాళ్ళ మీద పడుతుందేమోనని భయంగా ఉండేది. బాయిలర్‌లో మంట నడిమి గొట్టంలో ఉంటుంది, దాని చుట్టూ నీళ్ళు ఉంటాయి. కట్టెను పైనుంచి గొట్టంలోకి వేస్తాము, బూడిద కింది జాలీ గుండా రాలిపోతుంది, నీళ్ళు పక్కన ఉన్న నల్లా తిప్పితే వస్తాయి. రాగి వేడిని త్వరగా అందుకుంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుందని కొట్టువాడు చెప్పాడు. అది నిజమే కాని, ఇన్నేళ్ళు చూశాక నాకు తోచినదేమంటే అసలు గొప్పదనం లోహంలో కన్నా ఆ అమరికలోనే ఉంది. మంటను నీటి మధ్యన పెట్టడం వల్ల వేడి గాలికి పోకముందే నీటికి అందుతుంది. మా వీధిలో మరాఠీ మాట్లాడే ఇళ్ళవాళ్ళు దీనినే బంబు అంటారు, వాళ్ళ ఇళ్ళలో తాతల నాటివి ఇంకా వాడుకలో ఉన్నాయి.

మాది తూకం మీద కొన్నది. ఖాళీ బాయిలర్ తొమ్మిది కిలోల పైచిలుకు తూగింది, కూలితో కలిపి 6,800 రూపాయలు అయింది. అప్పట్లో ఆ మొత్తానికి మంచి గీజరే వచ్చేది కాబట్టి మా వారు రెండు రోజులు ఆలోచించారు. పాడైపోయినా రాగి రాగిగానే అమ్ముడుపోతుంది అన్న మామయ్య మాట మీద కొన్నాము.

వాడకం విషయానికి వస్తే, బాగా ఎండిన పత్తికట్టె కిలోన్నర దాకా వేస్తే 40 లీటర్లు ముప్పై అయిదు, నలభై నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. చన్నీళ్ళు కలుపుకుంటే ఒక నింపు నలుగురి స్నానానికి సరిపోతుంది, మిగిలిన ఇద్దరి కోసం మధ్యలో రెండు బకెట్లు పోసి ఇంకొన్ని పుల్లలు వేయాలి. బొగ్గులు వేస్తే గంట పడుతుంది కాని వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే పండుగ రోజుల్లో, ముఖ్యంగా భోగి నాడు నువ్వుల నూనె రాసుకుని అందరూ తలంటుకునే పొద్దున, ముందు పత్తికట్టెతో రాజేసి తర్వాత బొగ్గులు వేస్తాము.

నాలుగైదు ఏళ్ళ తర్వాత కాని మాకు తట్టని ఒక ఉపాయం చెబుతాను. బోరు నీళ్ళు భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి చలికాలంలో కూడా గోరువెచ్చగా ఉంటాయి, పైన ట్యాంకులో రాత్రంతా ఉంటేనే అవి చల్లబడతాయి. పొద్దున్నే మోటారు వేసి, పైపును ట్యాంకుకు కాకుండా నేరుగా బాయిలర్‌లో పెట్టి నింపుకుంటే పావు వంతు కట్టె మిగులుతుంది. మొదటి నుంచీ ఈ పని చేయనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పత్తికట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ బాయిలర్ మాకు ఇంత చవకగా నడవడానికి కారణం అదే. ఆదిలాబాద్ చుట్టూ నల్లరేగడి నేల, ఎటు చూసినా పత్తి. చివరి ఏరుడు అయిపోయాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో మామయ్య వాళ్ళ ఊరి చేనులో పీకిన కట్టెను ట్రాక్టర్ ట్రాలీలో ఒక్కసారే తెప్పించుకుంటాము. అది ఎండాకాలమంతా ఎండి, తొలకరికి ముందు రేకుల కిందికి చేరి, నవంబరుకు మంటకు సిద్ధంగా ఉంటుంది. గులాబీ రంగు పురుగు ఉధృతి పెరిగినప్పటి నుంచి పత్తికట్టెను చేనుగట్ల మీద కుప్పలు పెట్టవద్దని వ్యవసాయాధికారులు గట్టిగా చెబుతున్నారు. విచ్చుకోని కాయల్లో ఆ పురుగు దాగి ఉండి మళ్ళీ పంటకు పడుతుంది. అందుకని మేము తెచ్చుకునే ముందే కట్టెకు మిగిలిన ఎండుకాయలను తెంపించి అక్కడే కాల్పిస్తున్నాము. పట్టణంలో ఉండి పత్తికట్టె వాడేవాళ్ళు ఈ జాగ్రత్త తప్పకుండా పాటించాలని నా మనవి. కంది కట్టె కూడా బాగా మండుతుంది. తడిసిన కట్టె మాత్రం ఎంత ఉన్నా దండగే, పొగ తప్ప వేడి రాదు, ఆ పొగ ఎదురింటివాళ్ళ వసారాలోకి పోయి మాట పడవలసి వస్తుంది.

ఇక లోపాలు. మూడో చలికాలంలో మా ఇంటికి వచ్చిన ఒక బంధువు, అందరికన్నా ముందు లేచి, మాకు సాయం చేద్దామని బాయిలర్ రాజేశారు. లోపల నీళ్ళు సగం కూడా లేవు. పావుగంటలో నడిమి గొట్టం పైభాగంలో మాటు కరిగి, నీళ్ళు పోసినప్పుడు అక్కడి నుంచి మంట మీదికి కారాయి. రాగి 1,085 డిగ్రీల దాకా కరగదు కాని, తగరం, సీసం కలిపిన మాటు 183 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. మాటుకు అవతలి పక్కన నీళ్ళు ఉన్నంతసేపు అక్కడ వేడి నీటి మరుగు స్థాయిని పెద్దగా మించదు, నీళ్ళు లేకపోతే దానిని కాపాడేది ఏదీ లేదు. ఈ లెక్క నేను పుస్తకాల్లో చదువుకున్నదే అయినా ఆ రోజు దాకా దానిని మా పెరటితో ముడిపెట్టి ఆలోచించలేదు. అత్తమ్మ మాత్రం మొదటి రోజే చెప్పింది: "నీళ్ళు పోసినంకనే నిప్పు పెట్టాలె బిడ్డా, ముందుగాల కొట్టి సూడు." వేలి కణుపుతో బాయిలర్ పక్కన కిందినుంచి పైకి కొడుతూ పోతే నీళ్ళున్న మేర మొద్దు చప్పుడు, ఖాళీ ఉన్న మేర గంట మోగినట్టు చప్పుడు వస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు రాజేసినా ముందు కొట్టి చూస్తారు. కంచరి దగ్గర మాటు వేయించడానికి ఒక పూట పట్టింది, ఖర్చు కొద్దిదే. ఆ మాటులో సీసం ఉంటుంది కాబట్టే ఈ నీటిని తాగడానికి, వంటకు, పసిపిల్లల పాలసీసాలు కడగడానికి కూడా మేము వాడము. వేడినీళ్ళు చేతికి దొరుకుతున్నాయి కదా అని టీ గిన్నెలో పట్టుకునే అలవాటు కొన్ని ఇళ్ళలో చూశాను, అది మానుకోవాలి.

రెండో లోపం బోరు నీటి వల్ల వచ్చేది. నీటిలోని సున్నం లోపలి గోడలకు తెల్లగా గట్టి పొర కడుతుంది. చెయ్యి దూరదు కాబట్టి రుద్దే వీలులేదు. సంవత్సరానికి రెండుసార్లు నిమ్మ ఉప్పు కలిపిన నీటిని నింపి గోరువెచ్చగా కాచి, రాత్రంతా ఉంచి, పొద్దున వదిలేస్తే ఆ పొర పొట్టులా రాలి వస్తుంది. బయటి మెరుపు కోసం చింతపండు, ఉప్పు వేసి తోమడం ఉంది కాని, దానికి నేను అంత విలువ ఇవ్వను. పండుగకు ఒకసారి తోమితే చాలు. నడిమి గొట్టంలో పట్టే మసిని మాత్రం పదిహేను రోజులకు ఒకసారి తప్పకుండా దులపాలి, లేకపోతే కట్టె ఎక్కువ తింటుంది. జాలీ ఇనుముది, మూడు నాలుగేళ్ళకు తుప్పుపట్టి విరుగుతుంది. ఇప్పటికి మూడుసార్లు మార్చాము.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గురించి రాయకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. 2018 జనవరిలో ఒక మంచు పొద్దున, బయట గాలికి మంట నిలవడం లేదని మామయ్య బాయిలర్‌ను స్నానాల గదిలోకి జరిపించి తలుపు దగ్గరగా వేశారు. లోపల బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పొగ ఏమీ లేదు. స్నానం ముగించి బయటికి వచ్చేసరికి ఆయనకు తల తిరిగి, వాంతి వచ్చినట్టయి, గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. గాలి తగిలాక గంటకు కాని తేరుకోలేదు. పొగ లేదు కదా అన్న ధైర్యమే ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ రోజు నుంచి బాయిలర్ పెరట్లో సిమెంటు గద్దె మీద స్థిరంగా ఉంది, గాలికి అడ్డంగా ఒక పక్క మూడడుగుల ఇటుక గోడ కట్టించాము. చలి ఎక్కువగా ఉందని రాత్రి పడకగదిలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకునేవాళ్ళకు కూడా ఇదే మాట చెబుతాను. దయచేసి ఆ పని చేయవద్దు.

2019లో మేడ మీది గదిలో 25 లీటర్ల గీజర్ పెట్టించాము. దానిలో ఒక్క నింపుకు ఒక యూనిట్ పైచిలుకు కరెంటు అవుతుంది, అరగంటలో నీళ్ళు వస్తాయి, ఎవరూ పక్కన కూర్చోనక్కర్లేదు. ఖర్చు ఒక్కటే చూస్తే బాయిలర్‌ది పైచేయి. మాకు కట్టెకు అయ్యేది ట్రాలీ కిరాయి, కూలీ మాత్రమే. కాని ఈ లెక్కలో నేను చాలా ఏళ్ళు ఒకటి కలపడం మరచిపోయాను. 2021లో అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆ చలికాలమంతా నాలుగున్నరకు లేచి పెరట్లోకి వెళ్ళే పని నాకు వచ్చింది. చీకట్లో మోటారు వేయడం, నీళ్ళు నింపడం, పుల్లలు విరవడం, మంట అందుకునేదాకా మంచులో కూర్చోవడం, ఒక్కొక్కరికి బకెట్ పట్టి ఇస్తూ మళ్ళీ నింపడం, చివరికి బూడిద ఎత్తి నేను బడికి తయారవడం. వారం తిరగకుండానే నా అరచేతులు పగిలాయి. అంతకుముందు ఎనిమిది చలికాలాలు మాకు ఖర్చు లేకుండా వేడినీళ్ళు వచ్చాయని నేను అందరికీ చెప్పుకున్నాను. ఖర్చు లేకుండా రాలేదు, అత్తమ్మ పెట్టిన ఖర్చు నాకు కనబడలేదు. నేను ఆ మాట ఆమెతో అన్నప్పుడు ఆమె ఏమీ అనలేదు, పగిలిన చేతులకు వెన్న రాసుకోమని మాత్రం చెప్పింది.

అప్పటి నుంచి ఇంట్లో పద్ధతి మారింది. వారంలో మూడు రోజులు మా వారు, రెండు రోజులు నేను రాజేస్తాము. మిగిలిన రెండు రోజులు అందరమూ గీజర్ నీళ్ళే. పదకొండేళ్ళ బాబు నీళ్ళు నింపుతాడు, కాని నిప్పు దగ్గరికి రానివ్వము. పాప నాలుగేళ్ళప్పుడు మూత పట్టుకుని అరచెయ్యి కాల్చుకుంది కాబట్టి ఈ విషయంలో ఎవరి మాటా వినను. అత్తమ్మ ఇప్పుడు ఎండ వచ్చాక నింపాదిగా లేస్తుంది, ఆమె స్నానానికి సరిపడా నీళ్ళు బాయిలర్‌లో ఇంకా వేడిగానే ఉంటాయి. మంట ఆరాక కూడా రెండు గంటల దాకా వేడి నిలవడం ఈ బాయిలర్‌లో నాకు బాగా నచ్చిన గుణం.

పెరడు, ఎండుకట్టె దొరికే దారి, పొద్దున లేచే పనిని పంచుకునే మనుషులు ఉన్న ఇంటికి రాగి బాయిలర్ కొనమని నిస్సంకోచంగా చెబుతాను. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళకు, బాల్కనీ తప్ప బయటి చోటు లేనివాళ్ళకు, ఇంట్లో ఒక్క మనిషే అన్ని పనులూ చేసుకునేవాళ్ళకు వద్దనే అంటాను. కొనేటప్పుడు తూకంతో పాటు మాటులు ఎలా వేశారో నీళ్ళు నింపించి చూసుకోండి, నల్లా ఇత్తడిదై ఉండాలి, పైమూత పిడికి చెక్క తొడుగు ఉండాలి.

మాది ఈసారి నల్లా దగ్గర సన్నగా చెమ్మ వస్తోంది. దసరా సెలవుల్లో కంచరి దగ్గరికి తీసుకువెళ్ళి అక్కడ మాటు వేయించి, జాలీ కూడా మార్పించాలి. కట్టె ఇప్పటికే రేకుల కింద ఉంది.