ఆరేళ్లుగా ఇంట్లో తేనె: మాకు, కుక్కకి, పిల్లికి ఎంతవరకు పనికొచ్చింది

మా ఇంట్లో తేనె రెండు చోట్ల ఉంటుంది. ఒక సీసా వంటింటి అలమరలో, ఒక ట్యూబు మందుల డబ్బాలో. ఆరేళ్ల కిందట సీసా ఒక్కటే ఉండేది. దగ్గొచ్చినా, చెయ్యి కాలినా, కుక్క కాలు కోసుకున్నా అందరి చూపూ దాని మీదికే పోయేది. తేనె మీద నమ్మకం ఇప్పటికీ పోలేదు గానీ, ఆ నమ్మకానికి హద్దులు గీసుకున్నాను. రెండు పనుల్లో దానికి మంచి మార్కులే వేస్తాను: రాత్రిపూట వచ్చే దగ్గు, పైపైన తగిలిన దెబ్బ. మిగతావాటిలో అది రుచిగా ఉండే చక్కెర.

మొదలైంది నా దగ్గుతోనే. జలుబు తగ్గి వారం దాటినా పొడి దగ్గు వదల్లేదు. పగలంతా బాగానే ఉండేది. పడుకుంటే చాలు, గొంతులో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఉండేది. సిరప్ తాగితే పొద్దున్న లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. అందుకని పడుకోబోయే అరగంట ముందు ఒక చెంచా తేనె మొదలుపెట్టాను. నీళ్లలో కలపకుండా, మింగేయకుండా, కాసేపు చప్పరిస్తూ. రెండు రాత్రులు పెద్ద తేడా లేదు, మూడో రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయాను. దగ్గు పూర్తిగా పోవడానికి మాత్రం ఇంకో పది రోజులు పట్టింది. తేనె లేకపోయినా అన్నే రోజులు పట్టేదని నా అనుమానం. నాకు దక్కింది నిద్ర. ఆ వారంలో నాకు కావలసిందీ అదే.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే ఇంత ధైర్యంగా రాసేదాన్ని కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో జలుబు, దగ్గుతో ఉన్న 105 మంది పిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. పడుకునే ముందు కొందరికి తేనె, కొందరికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గుమందు ఇచ్చి, మిగతావాళ్లకి ఏమీ ఇవ్వలేదు. మందేమీ తీసుకోని పిల్లలకంటే తేనె తీసుకున్నవాళ్లకి దగ్గూ నిద్రా మెరుగ్గా ఉన్నాయని మర్నాడు తల్లిదండ్రులు చెప్పారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా 2018లో మామూలు దగ్గుకి ముందు తేనె వాడి చూడమనే చెప్పింది. చిక్కటి తీపి పదార్థం ఏదైనా గొంతు మీద పూతలా పట్టి దురదని కాస్త అణుస్తుంది. దగ్గు సిరప్‌లు పనిచేయడంలో కూడా ఆ జిగట పాకం వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది. నాకు తేనె నచ్చడానికి అసలు కారణం, దానివల్ల తల దిమ్మెక్కకపోవడం.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడను. ఏడాది నిండని బిడ్డకి తేనె వద్దు, నాలుకకి రాయడం కూడా వద్దు. మా చెల్లి కూతురికి ఎనిమిదో నెలలో దగ్గొస్తే ఇంట్లో పెద్దావిడ ఒకరు సీసా మూత తీశారు. నేను చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆవిడ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు, అయినా పర్వాలేదు. తేనెలో క్లాస్ట్రిడియం బాట్యులినం అనే బాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చేయలేక బయటికి పోతాయి. పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, దాంతో కండరాలు పట్టు తప్పుతాయి. తేనె మరిగించినా ఆ బీజాలు చావవు. ‘స్వచ్ఛమైన తేనె కదా’ అనే వాదన ఇక్కడ పనికిరాదు, ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా అవి ఉండొచ్చు.

ఇక దెబ్బల సంగతి. ఇక్కడే తేనె నన్ను ఆశ్చర్యపరిచింది, ఇక్కడే మోసపోయాను కూడా.

మా కుక్క మోతీ ముందుకాలి పాదం మెత్త గాజుపెంకు మీద పడి చీరుకుపోయింది. డాక్టర్ గాయం కడిగి, గాజు ముక్కలు లోపల లేవని చూసి, లోతు లేదు కాబట్టి కుట్లు అక్కర్లేదన్నారు. తేనె కట్టు కట్టొచ్చా అని అడిగితే కట్టండి, మందుల షాపులో దొరికే గాయాల తేనె వాడండి అన్నారు. నేనేమో తేనె తేనే కదా అని ఇంట్లో ఉన్న సీసాలోంచే రాసి, గుడ్డ చుట్టి, ఆ పూటకి పనైపోయిందనుకున్నాను. అరగంటలో మోతీ తేనెతో పాటు గుడ్డని కూడా నమిలేసింది. మిగిలిన జిడ్డు నేలంతా అంటింది. తెల్లవారేసరికి దాని పరుపు దగ్గర్నుంచి గుమ్మం దాకా చీమల బారు. కాలు ఎత్తుకుని కుంటుతున్న కుక్కని, చీమల్ని చూశాక డాక్టర్ చెప్పిన ట్యూబు కొనుక్కొచ్చాను.

ఆ తర్వాత పద్ధతి ఇలా కుదిరింది. సెలైన్‌తో కడగడం, ట్యూబులోంచి తేనెని గాజ్ గుడ్డ మీద మందంగా పరిచి గాయం మీద పెట్టడం, పైన దూది పొర, దాని మీద కట్టు, కట్టు మీద పాత మేజోడు. మెడకి ప్లాస్టిక్ గరాటా. గాయం మీద నేరుగా రాస్తే ఒంటి వేడికి పలచబడి కారిపోతుంది, గుడ్డకి పట్టిస్తే నిలుస్తుంది. మొదటి మూడు రోజులు రోజూ మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే గాయంలోంచి ఊరే నీరు తేనెని పలచన చేసేస్తుంది. నాలుగో రోజు నుంచి రోజు విడిచి రోజు. నాకు బాగా నచ్చింది కట్టు విప్పే సమయం. మామూలు గుడ్డ అయితే గాయానికి అంటుకుపోయి లాగినప్పుడల్లా కుక్క అరిచేది. తేనె గుడ్డ జారినట్టు వచ్చేసింది. వాసన కూడా లేదు. పన్నెండో రోజుకి మెత్త పూడుకుంది. అయితే తేనె పెట్టిన మొదటి నిమిషం మాత్రం మోతీ కాలు లాక్కునేది. తేనె ఆమ్లగుణం ఉన్న పదార్థం, పచ్చి గాయం మీద చురుక్కుమంటుంది. నా వేలు కోసుకుని నేను పెట్టుకున్నప్పుడు ఆ చురుకు నాకూ తెలిసింది.

ఎందుకు పనిచేస్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. తేనెలో నీళ్లు ఐదో వంతు కంటే తక్కువ, మిగతాది దాదాపు అంతా చక్కెరలే. అంత చిక్కటి పదార్థంలో సూక్ష్మజీవులకి తాగడానికి నీళ్లుండవు. పైగా అది వాటిలోని నీటినే లాగేస్తుంది. పీహెచ్ నాలుగు దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఆమ్లగుణమే. ఇవి కాక, తేనెటీగలు తమ గ్రంథుల్లోంచి కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఒకటి ఉంది. తేనె చిక్కగా ఉన్నంతసేపూ అది ఊరికే పడుంటుంది. గాయం తడికి తేనె పలచబడగానే పని మొదలుపెట్టి కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. ఎక్కువ వేడికి, ఎండకి ఆ ఎంజైమ్ పాడైపోతుంది. అందుకే గాయాలకి వాడే తేనెని వేడితో కాకుండా గామా కిరణాలతో శుద్ధి చేస్తారు, దాంతో ఇందాక చెప్పిన బీజాలు కూడా నశిస్తాయి. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ తేనెతో చేసిన గాయాల కట్టుకి 2007లోనే అనుమతి ఇచ్చింది. నిజానికి ఈ కిటుకు కొత్తదేమీ కాదు. మూడున్నర వేల ఏళ్ల నాటి ఈజిప్టు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లోనే గాయాలకి తేనె కట్టు ఉంది.

మనుషుల విషయంలో 2015లో కాక్రేన్ సంస్థ పాత ప్రయోగాలన్నీ వడబోసి చూసింది. పైపైన కాలిన గాయాలు తేనెతో, మామూలు కట్లతో పోలిస్తే నాలుగైదు రోజులు ముందే మానాయని తేలింది. కాళ్ల సిరల పుండ్ల విషయంలో అంత గట్టిగా ఏమీ చెప్పలేకపోయారు. నా మణికట్టు ఆవిరికి కాలినప్పుడు ముందు ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టి, చల్లారాకే తేనె కట్టాను. ఆ నీళ్లు మానేసి నేరుగా తేనె పూయడం తప్పు, లోపల వేడి అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు నా తప్పు. మోతీ కాలు అంత చక్కగా మానడంతో నాకు కాస్త గర్వం వచ్చింది. కొన్ని నెలలకి మా పిల్లి చిట్టి ఇంకో పిల్లితో పోట్లాడి వచ్చింది. తోక మొదట్లో రెండు చిన్న చిల్లులు, గుండుసూది గుచ్చినంత. రక్తం కూడా పెద్దగా లేదు. వెంట్రుకలు కత్తిరించి ట్యూబు తేనె రాశాను. రెండో రోజుకి పైన చక్కగా మూసుకుపోయింది. చూశారా అని ఇంట్లో అందరికీ చూపించాను. మూడో రోజు చిట్టి అన్నం ముట్టలేదు, మంచం కింద దూరింది, ఒళ్లు కాలిపోతోంది. తోక దగ్గర నిమ్మకాయంత గడ్డ. డాక్టర్ కోసి చీము తీసి, యాంటీబయాటిక్ రాసిచ్చారు. పిల్లి కోరలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అవి నోట్లోని బాక్టీరియాని లోతుగా దింపేస్తాయి, చర్మం మాత్రం వెంటనే మూసుకుపోతుంది. పైన రాసిన తేనె లోపలికి చేరే దారే లేదు. మూడు రోజులు ఆలస్యం చేసింది నేనే, దాని బాధంతా చిట్టి పడింది. అప్పటి నుంచి కరిచిన గాయం, గుచ్చుకున్న గాయం, లోతు కనబడని గాయం ఏదైనా సరే, తేనె జోలికి పోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికే.

చిట్టి గురించి ఇంకో మాట. ‘మా పిల్లికి తేనె ఇష్టం’ అనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. పిల్లి నాలుకకి తీపి తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకానికి కావలసిన జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో కనిపెట్టారు. చిట్టి తేనె నాకింది ఒంటికి అంటుకున్న జిడ్డు వదిలించుకోవడానికే. మోతీ మాత్రం తేనె మూత చప్పుడు వింటే చాలు, ఇప్పటికీ ఆ కాలే ఎత్తి చూపిస్తుంది.

కుక్కకి లోపలికి ఇవ్వడం గురించి నా దగ్గర గొప్పగా చెప్పడానికేమీ లేదు. మోతీకి ఒకసారి గొర్రుగొర్రుమనే దగ్గు వస్తే, డాక్టర్‌కి చెప్పి రోజుకి అర చెంచా ఇచ్చాను. ఇష్టంగా నాకింది. దగ్గు పది రోజులకి తగ్గింది, తేనె వల్లో, తనంతట తనో తేల్చలేను. ఏడాది లోపు కుక్కపిల్లలకి, షుగర్ ఉన్న కుక్కలకి, బొద్దుగా ఉన్నవాటికి ఇవ్వొద్దని డాక్టర్లు చెబుతారు. మా స్నేహితురాలి కుక్కకి ఇన్సులిన్ ఎక్కువై తూలిపోతుంటే, డాక్టర్ ఫోన్‌లో చెప్పినట్టు చిగుళ్లకి తేనె రుద్దుతూ ఆస్పత్రికి తీసుకెళ్లింది. అది అత్యవసరం కాబట్టి సరే. అప్పుడు కూడా రుద్దాలే తప్ప నోట్లో పోయకూడదు, స్పృహ లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పనిచేయనివి త్వరగా చెప్పేస్తాను. వసంతంలో వచ్చే తుమ్ములకి రోజూ ఒక చెంచా తిన్నాను, తుమ్ములు తుమ్ముల్లాగే ఉన్నాయి. తేనెటీగలు మోసేది ఎక్కువగా పూల పుప్పొడి, మనల్ని తుమ్మించేది చాలావరకు గాలికి ఎగిరే గడ్డి, చెట్ల పుప్పొడి. బరువు తగ్గడానికి పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో తేనె కలుపుకుని నాలుగు నెలలు తాగాను, కిలో పెరిగాను. పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలకి పైనే ఉంటాయి మరి. ఇక ‘తేనె సహజం కాబట్టి షుగర్‌కి పర్వాలేదు’ అనే మాట విని అమ్మ రెండు చెంచాలు తీసుకుంది. గంట తర్వాత మీటర్ చూస్తే, చక్కెర తిన్నప్పుడు వచ్చే అంకెకీ దీనికీ పెద్ద తేడా లేదు. అమ్మకి టెన్షన్, నాకు తిట్లు.

న్యూజిలాండ్ మనుకా తేనె కూడా ఒక సీసా కొన్నాను. అందులో మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థం ఎక్కువ. పెరాక్సైడ్ పనిచేయని చోట కూడా అది బాక్టీరియాని అడ్డుకుంటుంది, కాబట్టి గాయాల విషయంలో దాని పేరు ఊరికే రాలేదు. దగ్గుకి మాత్రం నాకు మామూలు తేనెతో ఏ తేడా కనబడలేదు. సీసా అయిపోయాక మళ్లీ కొనలేదు.

కల్తీ పరీక్షల మీద నాకు కోపం. గ్లాసు నీళ్లలో చుక్క వెయ్యండి, వత్తి ముంచి వెలిగించండి అంటారు. ఒక ఆదివారం పనీపాటా లేక చక్కెర పాకం చిక్కగా కాచి రెండు పరీక్షలూ చేశాను. పాకం దర్జాగా పాసైంది. అవి చిక్కదనం ఎంతుందో చెబుతాయి, స్వచ్ఛత సంగతి తేలాల్సింది ల్యాబ్‌లోనే. ఇంకో పొరపాటు, మొదటి ఏడాది చలికి సీసాలో తేనె పలుకుకట్టి గడ్డలా అయితే, చక్కెర కలిపారని సగం సీసా పారబోశాను. అది గ్లూకోజ్ గడ్డకట్టడం, మంచి తేనెకీ మామూలే. 14 డిగ్రీల దగ్గర ఇంకా త్వరగా జరుగుతుంది. ఇప్పుడైతే సీసాని గోరువెచ్చటి నీళ్లలో నిలబెడతాను, అరగంటకోసారి కలుపుతాను, మధ్యాహ్నానికి మళ్లీ జారుడుగా వస్తుంది.

వంటింటి సీసా మూత బిగించి ఉంటే ఏళ్ల తరబడి చెడదు. ట్యూబు అలా కాదు. దాని మీద తేదీ ఉంటుంది, ఒకసారి తెరిచాక ఎన్నాళ్లు వాడాలో కూడా రాసి ఉంటుంది. పోయిన నెల మందుల డబ్బా సర్దుతుంటే సగం వాడిన ట్యూబు ఒకటి గడువు దాటిపోయి కనిపించింది. దాన్ని పడేసి కొత్తది తెచ్చి పెట్టాను, ఈసారి చిన్న సైజే తెచ్చాను.