డీడీఆర్ 4 ఉంచుకోవాలా, డీడీఆర్ 5కి మారాలా: గేమింగ్‌కి ఏది మేలు?

ఒక డీడీఆర్ 4 ర్యామ్ (ప్రాసెసర్‌కి కావలసిన డేటాను అందుబాటులో ఉంచే మెమరీ) అట్టపెట్టె మీద 3200, పక్కనున్న తర్వాతి తరం డీడీఆర్ 5 పెట్టె మీద 6000 అని ఉంటే ఎవరికైనా రెండోది దాదాపు రెట్టింపు జోరు అనిపిస్తుంది. గేములోకి వెళ్లాక మాత్రం ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) రెట్టింపు కావు. పెరిగేది కొంతే, కొన్ని గేముల్లో ఆ కొంత కూడా కనబడదు. ఎందుకో తెలియాలంటే పెద్ద అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే సీఎల్ సంఖ్యను చూడాలి.

6000 అంటే సెకనుకు 600 కోట్ల సార్లు డేటా చేతులు మారుతుందని అర్థం. ప్రాసెసర్ అడిగాక మొదటి ముక్క రావడానికి ఎన్ని క్లాకులు (ర్యామ్ గడియారం టిక్కులు) ఆగాలో సీఎల్ చెబుతుంది. గేము ఎక్కువగా అడిగేవి ఇక్కడో చిన్న ముక్క, అక్కడో చిన్న ముక్క. అందుకే ఈ ఆగడం దానికి బాగా తగులుతుంది. లెక్క తేలికే: సీఎల్‌ని 2000తో హెచ్చించి వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్ 4లో 3200 సీఎల్ 16కి 10 నానోసెకన్లు. డీడీఆర్ 5లో 6000 సీఎల్ 30కీ సరిగ్గా 10. అదే 4800 సీఎల్ 40 అయితే 16 దాటిపోతుంది. 2021 చివర్లో ఇంటెల్ 12వ తరంతో డీడీఆర్ 5 డెస్క్‌టాప్‌లోకి వచ్చినప్పుడు ఎక్కువగా దొరికినవి ఈ 4800 బాపతువే. మంచి డీడీఆర్ 4 కిట్టు (జతగా అమ్మే ర్యామ్ స్టిక్కులు) ముందు అవి చాలా గేముల్లో తేలిపోయాయి. 'కొత్తదైనా ఒరిగేదేం లేదు' అన్న మాట అప్పుడు పుట్టిందే. ఆనాటికి అది నిజమే, ఇప్పటికీ దాన్నే పట్టుకుని కూర్చోవడం మాత్రం పొరపాటు.

ఆగడం సమానమైనప్పుడు డీడీఆర్ 5 పైచేయి దారి వెడల్పులో ఉంది. రెండు స్టిక్కులు పెడితే 3200 దగ్గర సెకనుకు గరిష్ఠంగా 51.2 జీబీ, 6000 దగ్గర 96 జీబీ పారుతుంది. పైగా ఒక్కో డీడీఆర్ 5 స్టిక్కులో 64 బిట్ల దారి ఒకటి కాకుండా 32 బిట్లవి రెండు ఉంటాయి. ఒకటి ఒక పనిలో ఉండగానే రెండోది మరో పని అందుకుంటుంది. జనంతో కిక్కిరిసిన నగరాలు, పెద్ద సైన్యాలు, వందల వాహనాలు ఉండే గేముల్లో దీని ఫలితం తెలుస్తుంది. అదీ సగటు ఫ్రేముల్లో కంటే '1% low' అనే, అన్నిటికంటే నెమ్మదైన ఫ్రేముల లెక్కలో ఎక్కువ, అంటే ఉన్నట్టుండి వచ్చే కుదుపులు తగ్గడంలో. నా మటుకు నాకు సగటు పెరగడం కంటే ఇదే ముఖ్యం.

అయితే ఇదంతా ప్రాసెసర్ మీద భారం పడినప్పటి మాట. 1080పీలో గట్టి గ్రాఫిక్స్ కార్డుతో ఆడేవాళ్లకు తేడా బాగా కనబడుతుంది. 4కేలో అన్నీ పెంచేసి ఆడితే కార్డే ఆయాసపడుతుంటుంది కాబట్టి ర్యామ్ ఏదైనా ఒకటే.

మరి మారాలా? ఒక్క ర్యామ్‌ని మార్చడం కుదరదు. రెండు రకాలకూ 288 పిన్నులే, కానీ గాడి వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాటులో ఇంకోటి దిగదు. ఏఎండీ ప్రాసెసర్ల పాత సాకెట్ ఏఎం 4 ఉన్న మదర్‌బోర్డుకి డీడీఆర్ 4 తప్ప దారి లేదు, కొత్త సాకెట్ ఏఎం 5కి డీడీఆర్ 5 తప్ప లేదు. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు రెండింటినీ ఒప్పుకుంటాయి, ఏది పెట్టాలో బోర్డు తేలుస్తుంది. ఆ తర్వాతి కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మళ్లీ డీడీఆర్ 5 ఒక్కటే. అంటే ర్యామ్ మార్పు అనుకుంటున్నది నిజానికి బోర్డు మార్పు, చాలాసార్లు ప్రాసెసర్ మార్పు కూడా. చేతిలో ఏఎం 4 ఉండి, 3200 సీఎల్ 16 గానీ 3600 సీఎల్ 18 గానీ నడుస్తుంటే దాన్ని కదపొద్దంటాను. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం మేలు. ఆ బోర్డులో ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. దానిలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ) ఉంది, కావలసినవి చాలావరకు అక్కడే దొరుకుతాయి కాబట్టి ర్యామ్ గడప తొక్కే అవసరం తగ్గుతుంది.

కొత్తగా కట్టించుకునేవాళ్లు డీడీఆర్ 5కే వెళ్లాలి, ఇందులో మొహమాటం లేదు. ఏఎం 5 మీద 6000 సీఎల్ 30, 16 జీబీవి రెండు. అదే వేగంలో సీఎల్ 36 చవగ్గా దొరికితే తీసుకున్నా కొంపలేం మునగవు, 10 బదులు 12 నానోసెకన్లు. 7200, 8000 చూసి టెంప్ట్ అవ్వాల్సిన పని ఏఎం 5లో లేదు. వేగం అంత పెరిగితే ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ సాధారణంగా సగం వేగానికి దిగుతుంది, వచ్చిన లాభం అక్కడ పోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకైతే డీడీఆర్ 5 నిస్సందేహంగా మేలు. అక్కడ వీడియో మెమరీ కూడా ఈ ర్యామే.

తరం గొడవ కంటే స్టిక్కుల లెక్క ఎక్కువ తేడా చేస్తుందంటే చాలామంది నమ్మరు. 16 జీబీ స్టిక్కు ఒక్కటే పెడితే దారి సగమైపోతుంది. డీడీఆర్ 4లో దాని బదులు 8 జీబీవి రెండు మేలు. డీడీఆర్ 5లో మాత్రం 8 జీబీ స్టిక్కుల జోలికి పోకండి. వాటిలో సాధారణంగా చిప్పులు తక్కువ, ఒకేసారి తెరిచి ఉంచగలిగే బ్యాంకులూ (చిప్పులోని మెమరీ భాగాలు) తక్కువ. అలాగని నాలుగు స్లాట్లూ నింపేస్తే ఇంకో తంటా: రైజెన్ 7000కి నాలుగు డీడీఆర్ 5 స్టిక్కులతో ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే, రెండైతే 5200. రెండింటితోనే సరిపెట్టుకోండి. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటు.

ఇక నా ఘనకార్యం. 3200 కిట్టు కొని దాదాపు ఎనిమిది నెలలు 2133 దగ్గర ఆడాను. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని పెట్టె మీది వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయాలని అప్పుడు తెలియదు. ఏఎం 5లో దాన్నే ఎక్స్‌పో అంటారు. మీ ర్యామ్ వేగం ఎంతో విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ దగ్గర కనిపిస్తుంది. సీపీయూ-జడ్ అనే యాప్‌లో చూస్తే సగం అంకె ఉంటుంది, కంగారు పడొద్దు, అది క్లాకు. 6000 కిట్టుకి అక్కడ 3000 చుట్టుపక్కల ఉండాలి.

ఏఎం 5 బోర్డులో కొత్త స్టిక్కులు పెట్టి మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌తో టైమింగులు సరిచూసుకుంటోందన్నమాట. పాడైందనుకుని మధ్యలో పవర్ తీసేయకండి.