కర్ర కప్పు కింద ఐదేళ్లు

అమెరికా ఈశాన్యంలోని ఒక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ పరిశోధనకు చేరినప్పుడు, కొత్తగా కట్టిన నాలుగంతస్తుల కర్ర భవనంలో నాకు బల్ల ఇచ్చారు. పునాది, కింది నేల, లిఫ్టు గోడలు మాత్రమే కాంక్రీటు. స్తంభాలు, దూలాలు, అంతస్తుల మధ్య పలకలు అన్నీ కర్రే. ఐదేళ్ల పాటు రోజుకు పది గంటలు ఆ కప్పు కిందే గడిపాను. ఇలా అతికించిన లావు కర్రతో కట్టే మాస్ టింబర్ భవనాల ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్ల మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది, అందుకే రాస్తున్నాను.

ముందుగా నచ్చిన సంగతి. మంచు కురిసే జనవరిలో కాంక్రీటు గోడకు వీపు ఆనిస్తే చలి ఒంట్లోకి ఎక్కుతుంది. కర్రకు ఆనిస్తే అలా ఉండదు. మొదటి ఏడాదంతా తలుపు తీయగానే స్ప్రూస్ చెట్టు కర్ర వాసన వచ్చేది, తర్వాత పోయింది. సాయంత్రపు ఎండ పడే వైపు కర్ర ఏటేటా ముదురు తేనె రంగుకు తిరిగింది. మూడో ఏట నోటీసు బోర్డు తీసేస్తే దాని వెనక లేత రంగు చతురస్రం బయటపడింది. ఇప్పటికీ అది పూర్తిగా కలవలేదు. నాకు అది అందంగానే ఉంటుంది.

మా నాన్న రాజమహేంద్రవరంలో ఒక కలప అడితిలో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఇక్కడికి వచ్చినప్పుడు భవనం చూపించాను. ఆయన తల పైకెత్తలేదు. నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి విన్నారు.

"ఇది ఒక్క మానేనా?"

"కాదు నాన్నా, అన్నీ అతుకులే."

దగ్గరగా చూపించాను. వేళ్లలో వేళ్లు దూర్చినట్టు పలకల చివరలు కోసి, జిగురుతో కలిపి, వాటిని పొరలు పొరలుగా ఒకే దిశలో అతికిస్తే గ్లూలామ్ దూలం. పొరను పొరకు అడ్డంగా తిప్పి అతికిస్తే సీఎల్‌టీ పలక. కర్ర నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. అడ్డపొర ఆ కదలికను పట్టి ఉంచుతుంది. అమ్మ అడిగింది ఒకటే: "ఇంత కర్రకు చెదలు పట్టవా?" కర్రను మట్టికి తగలకుండా కాంక్రీటు మీద నిలబెట్టారని చెప్పాను. కోనసీమ మండువా ఇళ్లలో టేకు స్తంభాన్ని రాతి దిమ్మ మీద నిలపడం చూసిన మనిషి కనుక వెంటనే అర్థమైంది.

నిప్పు గురించి అందరూ అడుగుతారు. లావు దూలం పైనుంచి నెమ్మదిగా బొగ్గవుతుంది. లెక్కల్లో నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు అనుకుంటాం, అంటే గంటకు నాలుగు సెంటీమీటర్లు. ఆ మేరకు ముందే లావు పెంచుతారు. ఆ విషయంలో నాకు ఎన్నడూ భయం లేదు.

అసలు ఇబ్బంది శబ్దం. సీఎల్‌టీ ఘనపు మీటరుకు సుమారు 500 కిలోలే తూగుతుంది, కాంక్రీటు 2,400 కిలోలు. తేలికైన నేల అడుగుల చప్పుడును ఆపలేదు. మా మీది గదిలో కుర్చీ జరిపినా, ఎవరైనా మడమ నొక్కి నడిచినా నా తల మీదే నడిచినట్టుండేది. ఎవరు నడుస్తున్నారో అడుగును బట్టి చెప్పగలిగేదాన్ని. మా వైపు గదుల్లో కర్ర మీద పలచని మెత్త, దాని మీద కార్పెట్ మాత్రమే వేశారు. ఆమ్హర్స్ట్‌లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం 2017లో తెరిచిన డిజైన్ భవనం చూశాక మా లోపం ఎక్కడుందో స్పష్టమైంది. అక్కడ సీఎల్‌టీ మీద కాంక్రీటు పోసి, ఉక్కు జాలితో రెంటినీ ఒక్కటిగా పనిచేయించారు. నేల ఊగడమూ తగ్గింది, చప్పుడూ తగ్గింది. ఖర్చు పెరుగుతుందని దీన్ని వదిలేయడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. చదువుకునే చోట చెవికి శాంతి లేకపోతే కంటికి ఎంత అందంగా ఉండి ఏం లాభం?

కర్రను దాచకుండా చూపించాలన్న ఇప్పటి మోజు కూడా ఈ చప్పుడుకు ఒక కారణమే. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో బ్రాక్ కామన్స్ అనే 18 అంతస్తుల విద్యార్థి వసతి భవనం ఉంది. 2017లో పూర్తయింది. కాంక్రీటు కింది అంతస్తు మీద 17 కర్ర అంతస్తులు 70 రోజుల లోపే లేచాయి. అయినా గదుల్లో ఉండేవాళ్లకు కర్ర కనబడదు, నిప్పు భద్రత కోసం జిప్సం బోర్డులతో కప్పేశారు. అమెరికా నిర్మాణ నియమావళి 2021 కూర్పు, 12 అంతస్తుల దాకా కట్టే కర్ర భవనాల తరగతికి కప్పులో కొంత భాగమే బయటకు కనబడనిచ్చింది. 2024 కూర్పులో కప్పంతా కనబడవచ్చంది. కనబడే కప్పు అంటే కింద మరో పొర ఉండదు, చప్పుడును మింగేది పై నేలే కావాలి. గొట్టాలు, తీగలు కూడా బయటే ఉంటాయి. కొత్త గొట్టానికి రంధ్రం కావాలంటే ఇంజనీరు అనుమతి రావాలి. మా ప్రయోగశాల దానికోసం ఒక సెమిస్టరంతా ఎదురుచూసింది.

ఇంకో మాట, నీళ్లు. మూడో అంతస్తు సింకు కారితే మాకు తెలిసేసరికి కప్పు మీద చేటంత గోధుమరంగు మరక పడింది. బాగుచేసినా మరక పోలేదు.

చలికాలంలో హీటర్ల వేడికి గాలి ఎండిపోయి నా పక్క స్తంభంలో ఒక బీట తెరుచుకునేది. మొదటిసారి ఠప్‌మన్నప్పుడు గుండె ఆగినంత పనైంది. అది పైపై బీటేనని, బలానికి లోటు లేదని మా ప్రొఫెసరు కొలిచి చూపించారు. ఫిబ్రవరిలో అందులో రూపాయి నాణెం అంచు దూరేది. జులై వచ్చేసరికి గోరు కూడా పట్టేది కాదు.

ఇన్ని చెప్పినా, మళ్లీ చేరమంటే ఆ భవనంలోనే చేరతాను. మీకు ఇలాంటి చోట బల్ల ఇస్తే మాత్రం అన్నిటికన్నా పై అంతస్తు అడిగి తీసుకోండి.